అటకానితిప్ప కాడ నీళ్ళు యాడికి పోయినాయి?

విభాగం: మన జిల్లా – నేల, నీళ్ళు

స్వర్ణముఖి_వాసి
17 మార్చి 2025, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మాది తిరుపతి, కొర్లగుంట. నిన్న ఆదివారం మావాణ్ణి పిల్చుకోని సూళ్ళూరుపేట మీదగా, పులికాట్ సరస్సు మధ్యలో పోయే శ్రీహరికోట రోడ్డుకు పోయినాం. వాడికి తొమ్మిదేళ్ళు. జనవరిలో ఫ్లెమింగో పండగ గురించి బళ్ళో చెప్పినప్పటి నుంచి ఆ పక్షిని చూపించమని ఒకటే పోరు.

నాకు వాడంత వయసప్పుడు మా నాయన ఇదే రోడ్డులో నన్ను బస్సులో తీసకపోయినాడు. కిటికీలోంచి చూస్తే రెండు పక్కలా నీళ్ళే. బస్సు నీళ్ళ మీద నడస్తా ఉండాదనుకున్నా. నిన్న అటకానితిప్ప కాడ దిగితే దక్షిణం పక్క పల్చగా నీళ్ళు, దూరంగా పక్షుల గుంపు. ఉత్తరం పక్క మాత్రం నెర్రెలిచ్చిన బురద, దాని మీద తెల్లగా ఉప్పు పొర. మావాడు కిందికి దిగి ఆ బురద గుప్పెడు తీసుకోని వేళ్ళతో విప్పినాడు. లోపల గోరంత గోరంత గుల్లలు, కొన్ని రెండు తట్టలూ విడిపోకుండా మూసుకోనే ఉండాయి. "అమ్మా, ఇవి యాడి నుంచి వచ్చినాయి? నీళ్ళు యాడికి పోయినాయి?" అని అడిగినాడు. నాకు చెప్పడం చేతకాలేదు.

పులికాట్ సరస్సు ఎండిపోయి పోతా ఉండాదా? లేకుంటే ఎప్పుడూ ఇట్లే మారతా ఉండేదేనా? తెలిసినోళ్ళు చెప్పండి. 2022లో జిల్లాలు మారినాక తడ, సూళ్ళూరుపేట మన తిరుపతి జిల్లాలోకే వచ్చినాయి. మనది అయినాక మనకు తెలియకపోతే ఎట్లా?

నీటిబాట
17 మార్చి 2025, రాత్రి 10:40

అక్కా, మాది తడ పక్కన ఒక కుప్పం, అంటే చేపలు పట్టేవాళ్ళ పల్లె. మా తాత, మా నాయన ఇద్దరూ ఈ నీళ్ళలోనే బతికినారు. నేను శ్రీసిటీలో కంపెనీకి పోతా ఉండా, అయినా సెలవు దొరికితే పడవ మీదే ఉంటా.

మీరు చూసిన ఎండుడు కొత్త కాదు. ఈ సరస్సు ఏడాదిలోనే నాలుగు రకాలుగా ఉంటాది. కార్తీక మార్గశిరాల్లో వానలు పడి కాళంగి, అరణియారు ఏర్లు దిగినప్పుడు నీళ్ళు మంచినీళ్ళకు దగ్గరగా ఉంటాయి. సంక్రాంతి నాటికి ఉప్పగా, శివరాత్రి దాటితే ఇంకా ఉప్పగా. వైశాఖంలో మిగిలిన మడుగులో వేలు ముంచి నాకితే సముద్రం కంటే చేదు ఉప్పు. సరాసరి చూస్తే లోతు మీటరు చుట్టూరానే, అందుకే ఎండకు అంత తొందరగా లాగేస్తాది.

మాకు బాధ అది కాదు. బాధ మొగ. సముద్రానికీ సరస్సుకీ మధ్య నీళ్ళు వచ్చిపోయే దారి. దక్షిణాన పళవేర్కాడు ఊరి కాడ ఒకటి, అది తమిళనాడులో ఉండాది. ఉత్తరాన మన పక్క రాయదొరువు మొగ. మన పక్క మొగ ఇసకతో పూడిపోతే ఉత్తరం భాగానికి ఊపిరి ఆడదు. రొయ్య సముద్రంలో గుడ్డు పెడతాది. పిల్ల మొగలోంచి లోపలికి వచ్చి ఈ పల్చటి నీళ్ళలో పెరిగి, పెద్దదై తిరిగి సముద్రానికి పోతాది. మండపీత ఆడది గుడ్లతో బయటికి పోతాది. పాలబొంత పిల్ల లోపలికి వస్తాది. మొగ మూసుకుంటే రావాల్సినవి రావు, పోవాల్సినవి పోవు. అప్పుడు వల వేస్తే నాచు తప్ప ఏమీ రాదు.

భూగోళం_మేష్టారు
18 మార్చి 2025, ఉదయం 6:05

అమ్మా, మీ అబ్బాయి అడిగిన రెండు ప్రశ్నల్లో మొదటిదానికి నేను చెబుతాను. చిత్తూరులో ముప్పయ్యేళ్ళు భూగోళం చెప్పినవాణ్ణి, పిల్లల ప్రశ్న వదల్లేను.

సుమారు 20 వేల ఏళ్ళ కిందట భూమి మీద నీరు చాలా భాగం మంచుగా గడ్డకట్టి ఉండేది. సముద్రం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు కిందుండేది. అంటే అప్పటి తీరం ఇప్పటి తీరానికి ఎంతో తూర్పున. నదులు అంతదూరం పారి లోయలు కోసుకున్నాయి. మంచు కరిగి సముద్రం పైకొచ్చి ఆ లోయలను ముంచింది. ఆరేడు వేల ఏళ్ళ కిందట ఇప్పటి మట్టానికి దగ్గరగా వచ్చి నెమ్మదించింది. అక్కడి నుంచి అలల పని మొదలైంది. అలలు తీరం వెంబడి ఇసుకను మోసుకొచ్చి దిబ్బ మీద దిబ్బ పేర్చాయి. శ్రీహరికోట అలా పేర్చిన ఇసుక దిబ్బల వరసే. దాని వెనక చిక్కుకున్న నీరే పులికాట్. మన దేశంలో ఒడిశాలోని చిలికా తర్వాత ఇంత పెద్ద ఉప్పునీటి కయ్య, అంటే తీరం వెనక చిక్కుకున్న సరస్సు, మరొకటి లేదు.

మీ అబ్బాయి చేతిలోకి వచ్చిన గుల్లలు ఆ చరిత్ర పుస్తకంలో అక్షరాలు. బతికున్న గుల్ల బురద పైపొరలో ఉంటుంది. చచ్చాక మీద ఒండ్రు పడుతుంది. పొర మీద పొర. సరస్సు అడుగున, చుట్టుపక్కల నేల కింద కూడా ఇలాంటి గుల్లల మేటలు ఉన్నాయి, సున్నానికి తవ్వేవారు. ఇప్పుడు ఎండిన చోట గుల్ల దొరికిందంటే ఒకప్పుడు అక్కడ నీరు నిలిచిందన్నమాట. రెండు తట్టలూ మూసుకునే ఉన్నాయన్నారు చూడండి, అది ఇంకా గొప్ప సంగతి. అలలు ఈడ్చుకొచ్చిన గుల్ల విడిపోతుంది. మూసుకుని ఉందంటే అది అక్కడే బతికి, అక్కడే ఒండ్రు కింద పడిపోయింది.

ఇక మారడం గురించి. ఇలాంటి సరస్సు పుట్టిన రోజు నుంచే పూడటం మొదలుపెడుతుంది. నదులు ఒక పక్క నుంచి ఒండ్రు తెస్తాయి, సముద్రం ఇంకో పక్క నుంచి ఇసుక తెస్తుంది. మన కొల్లేరునే చూడండి. కృష్ణా గోదావరుల డెల్టాలు రెండు పక్కలా ముందుకు పెరిగి పెరిగి, ఇప్పుడది సముద్రానికి దూరంగా లోపలెక్కడో మంచినీటి సరస్సుగా ఉంది. కనుక పులికాట్ మారడం వింత కాదు. వేల ఏళ్ళలో జరగాల్సింది మన కళ్ళముందే, మీ నాయన గారి వయసుకీ మీ వయసుకీ మధ్య జరిగితే మాత్రం ఎందుకని అడగాలి.

చిత్తూరు_చిన్నది
18 మార్చి 2025, ఉదయం 8:31

మాస్టారూ, నేను డిగ్రీ చదువుతా ఉండాను. ఒక అనుమానం. నదుల మీద ఆనకట్టలు కట్టినందువల్ల ఒండ్రు రాక తీరాలు కోసుకుపోతున్నాయని చదివినాను. ఇక్కడేమో ఒండ్రు ఎక్కువై సరస్సు పూడిపోతోందంటారు. రెండూ ఎట్లా నిజమవుతాయి?

భూగోళం_మేష్టారు
18 మార్చి 2025, ఉదయం 9:20

చాలా మంచి ప్రశ్న తల్లీ. ఇసుక వేరు, ఒండ్రు వేరు. ఏట్లో చెంబెడు నీళ్ళు ముంచి కదలకుండా పెట్టు. ఇసుక క్షణంలో అడుక్కి పోతుంది. నీళ్ళు తేరుకోవడానికి మాత్రం పూట పడుతుంది. ఆనకట్ట దగ్గర జరిగేదీ అదే. బరువైన ఇసుక జలాశయంలో ముందే దిగిపోతుంది. సన్నటి మట్టి మాత్రం వరదల్లో గేట్లు ఎత్తినప్పుడు కిందికి వచ్చేస్తుంది. దానికి తోడు ఆనకట్టకు దిగువన ఏట్లో ఉన్న ఇసుకను మనం లారీలకు ఎత్తుతున్నాం. అలలను ఆపేది ఇసుక, అది రాదు. సరస్సును పూడ్చేది మట్టి, అది వస్తుంది. అందుకే ఒకే ఏటి చివర తీరం కోసుకుపోతుంది, కయ్య పూడిపోతుంది.

స్వర్ణముఖి_వాసి
18 మార్చి 2025, మధ్యాహ్నం 1:15

2021 నవంబరులో మా స్వర్ణముఖి ఎట్లా వచ్చిందో తిరుపతిలో ఉండేవాళ్ళందరికీ గుర్తుండాది. వీధుల్లో నడుముల్లోతు నీళ్ళు, తిరుచానూరు పక్క ఇండ్లు ఏట్లోకి ఒరిగిపోవడం కళ్ళతో చూసినాం. ఆ నీళ్ళు ఎర్రగా, చిక్కగా ఉండాయి. అదంతా పులికాట్‌లోకే పోయిందా?

భూగోళం_మేష్టారు
18 మార్చి 2025, మధ్యాహ్నం 3:02

లేదమ్మా, చాలామంది అలా అనుకుంటారు గాని ముఖ్యమైన పాయ శ్రీకాళహస్తి, నాయుడుపేట దాటి, వాకాడు మీదుగా పులికాట్‌కు ఉత్తరాన సముద్రంలో కలుస్తుంది. ఇంకో సంగతి. మన తీరంలో నైరుతి గాలుల కాలంలో అలలు ఏటవాలుగా కొట్టి ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి నడిపిస్తాయి. ఈశాన్య గాలుల కాలంలో కొంత వెనక్కి వస్తుంది గాని, ఏడాది లెక్క తీస్తే నడక ఉత్తరానికే. కాబట్టి స్వర్ణముఖి ఇసుక చాలా భాగం ఉత్తరానికి పోతుంది. పులికాట్‌ను నింపేవి అరణియారు, కాళంగి. అరణియారుకు పిచ్చాటూరు దగ్గర ఆనకట్ట ఉంది. అవి కూడా మన కొండల మీద నుంచి దిగే నీళ్ళే.

ఈ ఇసుక నడక ఎంత బలమైనదో చెన్నై చూస్తే తెలుస్తుంది. 19వ శతాబ్దం చివర్లో రేవు గోడలు సముద్రంలోకి కట్టారు. దక్షిణం నుంచి వచ్చే ఇసుక గోడ దగ్గర ఆగి మెరీనా వెడల్పయింది. గోడకు ఉత్తరాన రాయపురం పక్క ఇసుక అందక తీరం కోసుకుపోయింది. ఒక చోట చెయ్యి పెడితే ఇంకో చోట తీరం కదిలింది.

కాళంగి_గట్టు
18 మార్చి 2025, రాత్రి 8:47

రైతు మాట కూడా వినండి. నాకు కాళంగి దిగువన నాలుగెకరాలు. సరస్సుకు నీళ్ళు రావట్లేదని అందరూ అంటారు. నిజమే, చెరువులకూ చెక్‌డ్యాములకూ నీళ్ళు పట్టుకున్నాం. పట్టుకోకుంటే మా వరి యాడ పండుతాది? అది తప్పంటే నేను ఒప్పుకోను.

కానీ నేను చూసిన తప్పు ఒకటుండాది. మా పొలం పక్కన రొయ్యల గుంటలు తవ్వినారు. సరస్సు నుంచి ఉప్పు నీళ్ళు తోడి నింపినారు. మూడో ఏడు మా బావి నీళ్ళు తేడా వచ్చినాయి. ఆవు తాగకుండా మూతి తిప్పుకునింది. మనిషికి తెలియకముందే గొడ్డుకు తెలిసిపోయింది. నాట్లేస్తే ఆ పక్క మడి ఆకు కొసలు మాడినాయి. అర్జీలు పెట్టినా ఎవరూ రాలేదు. తర్వాత వాళ్ళకూ రొయ్యకు తెగులొచ్చి గుంటలు వదిలేసి పోయినారు. ఆ నేల ఇప్పుడు వరికీ పనికిరాదు, రొయ్యకూ పనికిరాదు. సీమతుమ్మ మొలిచింది.

చిత్తూరు_చిన్నది
18 మార్చి 2025, రాత్రి 9:30

పెద్దాయనా, 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో పులికాట్ పేరు పెట్టే చెప్పినారు. చిలికా, పులికాట్ సరస్సులకు 1000 మీటర్ల లోపల రొయ్యల సాగు చెయ్యకూడదని. దానిమీద మాకు క్లాసులో పాఠం ఉండింది. 2005లో తీరప్రాంత ఆక్వా సాగుకు ప్రత్యేకంగా చట్టం వచ్చింది. మీ గుంటలు సరస్సుకు ఎంత దూరమో కొలిచి చూడండి.

గూడబాతు
19 మార్చి 2025, ఉదయం 7:10

పక్షుల వైపు నుంచి ఒక మాట. మాది నాయుడుపేట, ఇరవయ్యేళ్ళుగా నేలపట్టు, పులికాట్ చుట్టూ తిరుగుతున్నాను.

ఫ్లెమింగోకు లోతు నీళ్ళు అక్కర్లేదు. అది తినేటప్పుడు దగ్గర్నుంచి చూడండి. ముందు ఉన్నచోటే కాళ్ళతో తొక్కుతూ గుండ్రంగా తిరుగుతుంది, బురద లేస్తుంది. అప్పుడు తల కిందికి వంచి ముక్కును తలకిందులుగా పెట్టి నీళ్ళు లోపలికి లాగి, నాలుకతో బయటికి తోస్తుంది. ముక్కు అంచుల్లో ఉన్న సన్నటి జల్లెడలో పురుగూ నాచూ మిగిలిపోతాయి. అది వెళ్ళిపోయాక బురదలో పళ్ళెంలాంటి గుండ్రటి గుంటలు ఉంటాయి. మోకాలు దాటని నీళ్ళలోనే ఇదంతా. కనుక సరస్సు కొంచెం పల్చబడితే మొదట్లో ఫ్లెమింగోకు మేలే. ఆ పక్షులు బాగా వచ్చాయి కాబట్టి సరస్సు బాగుందనుకోవడం పొరపాటు. పూడుతున్న సరస్సులో కూడా కొన్నేళ్ళు పక్షి బాగానే కనబడుతుంది. తర్వాత నీళ్ళు పూర్తిగా వెనక్కి పోతాయి, కుక్కలు, బండ్లు నడి సరస్సులోకి వచ్చేస్తాయి, పక్షి లేచిపోతుంది.

నేలపట్టు కథ వేరు. అది మంచినీటి చెరువు. నీటి కడప చెట్ల మీద గూడబాతులు (పెలికన్లు) గూళ్ళు కడతాయి. 1976 నుంచి రక్షిత ప్రాంతం. కానీ గూడబాతు పిల్లకు పెట్టే చేప చాలావరకు పులికాట్‌ది. తల్లి పొద్దున లేచి అక్కడికి ఎగిరి గొంతు సంచిలో చేప తెస్తుంది. పులికాట్‌లో చేప తగ్గితే నేలపట్టులో పిల్ల ఆకలితో ఉంటుంది. నేలపట్టు రైతులు ఆ పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్ళే పొలాలకు పెట్టుకుంటారు, ఎరువు ఖర్చు తగ్గుతుందని. మొగ మూసుకుంటే ఆ మడి దాకా తగులుతుంది చూశారా.

ఒడిశా_తెలుగు
19 మార్చి 2025, ఉదయం 11:25

మాది శ్రీకాళహస్తి, ఉద్యోగం బరంపురంలో. చిలికా దగ్గర్లోనే ఉంటాను కాబట్టి చెబుతున్నా. అక్కడా ఇదే గోడు ఉండేది. మొగ పూడిపోయి నీళ్ళు తియ్యబడ్డాయి, కలుపు మొక్కలు అల్లుకున్నాయి, చేప పడిపోయింది. 2000 సెప్టెంబరులో కొత్త మొగ తవ్వారు. కొద్ది కాలంలోనే ఉప్పదనం తిరిగొచ్చింది, చేప, రొయ్య, పీత బాగా పెరిగాయి. ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల అంతర్జాతీయ పట్టికలో 1993లో చేరిన చిలికా పేరు 2002లో తీసేశారు. మనవాళ్ళూ ఆ పని చేస్తే సరిపోతుంది కదా. ఇన్నేళ్ళు చర్చలెందుకు?

భూగోళం_మేష్టారు
19 మార్చి 2025, మధ్యాహ్నం 12:50

చిలికా మాట నిజం, సంతోషించాల్సిన మాట. కానీ కథ అక్కడితో ఆగలేదు నాయనా. 2008లో సముద్రం తనే ఇంకో మొగ కోసుకుంది. మొగ నిలకడగా ఉండేది కాదు. పైగా చిలికాకు మహానది పాయల నుంచి వచ్చే నీటి బలం ఉంది.

మొగ ఎందుకు తెరుచుకుని ఉంటుందో ఆలోచించండి. పోటుకు సముద్రం నుంచి నీళ్ళు లోపలికి వస్తాయి. పాటుకు అవే నీళ్ళు బయటికి పోతాయి. సుమారుగా రోజుకు రెండుసార్లు. ఆ వచ్చిపోయే నీళ్ళే మొగలో ఇసుకను ఊడ్చే చీపురు. లోపల సరస్సు ఎంత విశాలంగా ఉంటే అంత నీరు వచ్చిపోతుంది, చీపురు అంత బలంగా ఊడుస్తుంది. లోపల పూడిపోతే నీరు తగ్గుతుంది. నీరు తగ్గితే ఊడ్పు తగ్గి మొగ ఇరుకవుతుంది. మొగ ఇరుకైతే లోపలికి ఇంకా తక్కువ నీరు. మన తీరంలో పోటుకూ పాటుకూ మధ్య తేడాయే మీటరు అటూ ఇటూ. అంటే మొదటి నుంచీ చీపురు చిన్నదే. నవంబరు, డిసెంబరు వరదలే పెద్ద ఊడ్పు. ఆ వరద రాని ఏడు మొగలో ఇసుక పేరుకుపోతుంది.

అందుకని మొగ ఒక్కటే తవ్వి, లోపల పూడికనూ పైన నీటినీ వదిలేస్తే, తవ్విన ఇసుక మళ్ళీ అక్కడికే వస్తుంది. తవ్వొద్దని నేననను. ఒక్కసారి తవ్వి చేతులు దులుపుకునే పని కాదంటాను.

నీటిబాట
19 మార్చి 2025, రాత్రి 11:05

మాస్టారూ, మీరు చెప్పింది నేను కాదనను. చీపురు మాట మా నాయనకు చదివి వినిపిస్తే "అదే, అదే" అన్నాడు. కానీ ఒకటి అర్థం చేసుకోండి. సరస్సుకు వేల ఏళ్ళు ఉండాయి. మాకు ఈ వేసవి ఉండాది. మొగ మూసుకున్న ఏడు మా వీధిలో మొగోళ్ళు చెన్నైకి కూలికి పోయినారు. ముసలోళ్ళూ పిల్లోళ్ళూ మాత్రమే మిగిలినారు. ప్రతి ఏడూ తవ్వాల్సి వస్తే ప్రతి ఏడూ తవ్వాల. కాలవల్లో పూడిక ఏటా తీస్తారు కదా, ఇదీ అట్లాంటిదే అనుకోవాల.

ఇంగ రోడ్డు సంగతి ఎవరూ ఎత్తలేదు. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే ఆ కట్ట సరస్సును రెండుగా కోసింది. అక్క చూసిన తేడా, ఒక పక్క నీళ్ళు ఇంకో పక్క బురద, దానికి అదీ ఒక కారణం.

రాకెట్టు_వీధి
20 మార్చి 2025, ఉదయం 6:48

ఆ రోడ్డు గురించి నేను చెప్పాలి. మా నాయన అక్కడ రాకెట్టు కేంద్రంలో పనిచేసి రిటైరయినాడు. 1971 అక్టోబరులో అక్కడ మొదటి రాకెట్టు ఎగిరింది. ఆ కట్ట లేకుంటే అంతంత బరువు సామాను దీవిలోకి ఎట్లా పోతాది? మా ఊళ్ళకు ఆసుపత్రి, బడి, ఉద్యోగం ఆ దారినే వచ్చినాయి. ప్రయోగం రోజు మా వీధంతా మిద్దెల మీద నిలబడి కన్నీళ్ళు పెట్టుకుంటారు. అందరూ వచ్చి రోడ్డును తిడితే నాకు మనసు కష్టమవుతాది.

నీటిబాట
20 మార్చి 2025, ఉదయం 7:30

అన్నా, తిట్టలేదు. రాకెట్టు లేస్తే మేమూ పడవలో లేచి నిలబడి చూస్తాం. రోడ్డు తీసెయ్యమని ఎవరూ అడగరు. కట్ట కింద తూములు చిన్నవి, వాటిల్లో పూడిక. కొన్ని చోట్ల కట్ట తీసి స్తంభాల మీద వంతెన కడితే నీళ్ళు అటూ ఇటూ కలుస్తాయి, రోడ్డు రోడ్డులాగానే ఉంటాది. అదే మేము అడిగేది.

రాకెట్టు_వీధి
20 మార్చి 2025, ఉదయం 7:41

అట్లయితే నేను నీ పక్కే. మా నాయన కూడా తూములు చాలవని అనేవాడు.

తిరుచానూరు_అవ్వ
20 మార్చి 2025, సాయంత్రం 5:20

నా మనవరాలు టైపు చేస్తా ఉండాది. నేను పుట్టింది దుగరాజపట్నం పక్క. చెన్నపట్నం పుట్టకముందే, 1626 ప్రాంతంలో, ఇంగ్లీషోళ్ళు అక్కడ కోట కట్టుకున్నారని మా బళ్ళో అయ్యవారు చెప్పేవాడు. ఇప్పుడు ఆడ పోయి చూస్తే ఇసక దిబ్బలు. రేవంటే నమ్మరు. పళవేర్కాడులో డచ్చోళ్ళ కోట 1613 నాటిది, అదీ అంతే.

మా పెద్దోళ్ళు ఈ సరస్సును పులికాట్ అనలేదు, ప్రళయకావేరి అనేవాళ్ళు. మా నాయన బకింగ్‌హాం కాలవలో పడవ మీద ఉప్పు, కట్టెలు చెన్నపట్నానికి ఏసకపోయేవాడు. కాలవ నీళ్ళకు కూడా పోటూ పాటూ ఉండేది. పోటు కోసం గట్టున పడవ కట్టేసి అన్నం వండుకోని ఎదురుచూసేవాళ్ళంట. గట్టెంబడి ఇలకూర కోసుకొచ్చి పప్పులో వేసేది మాయమ్మ. ఆ కూరకు ఉప్పు వెయ్యబన్లేదు, ఉప్పు నేల మీద మొలిచింది కదా. ఇప్పుడు కాలవ యాడుందో వెతుక్కోవాల.

చిత్తూరు_చిన్నది
20 మార్చి 2025, రాత్రి 8:15

అవ్వా, ఇలకూర గురించి మా లెక్చరర్ చెప్పినారు. నీటి అంచున బురదలో మడ చెట్లు, కొంచెం పైన ఇలకూర లాంటి ఉప్పు మొక్కలు, ఇంకా పైన గడ్డి. ఈ వరస నీటి మట్టాన్ని బట్టి కదులుతుందంట. 1900 నుంచి ప్రపంచ సముద్ర మట్టం సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది. నీళ్ళు పైకొచ్చే కొద్దీ ఈ మొక్కలు మెల్లగా గట్టు వైపు జరుగుతాయి. వేళ్ళు ఒండ్రును పట్టుకుని నేలను కూడా కొంచెం కొంచెం ఎత్తు చేస్తాయి. జరగడానికి వెనక చోటు ఉంటేనే కుదురుతుంది. వెనక రొయ్యల గుంట కట్ట, రోడ్డు, గోడ ఉంటే నీటికీ కట్టకీ మధ్య నలిగిపోతాయి. పళవేర్కాడు అనే పేరులోనే వేరూ ఉంది, కాడూ ఉంది. అంటే వేళ్ళూ అడవీ.

నాకు ఇది చదివినప్పుడు పరీక్షకు మాత్రమే. ఇప్పుడు ఇక్కడ చదివితే వేరేగా ఉంది.

కాళంగి_గట్టు
21 మార్చి 2025, ఉదయం 6:15

పాపా, నువ్వు చెప్పినట్టు కొలిచినా. సైకిలు చక్రం చుట్లు లెక్కపెట్టి కొలిచినా. వాన కాలంలో నీళ్ళు నిలిచే అంచు నుంచి ఆ గుంటల కట్టకు 700 మీటర్లు కూడా లేదు. కాగితం రాసి పెట్టుకున్నా. మళ్ళీ అర్జీ ఇస్తా, ఈసారి ఆ తీర్పు సంగతి కూడా రాసి.

స్వర్ణముఖి_వాసి
21 మార్చి 2025, రాత్రి 9:50

అందరికీ దండం. నేను ఒక్క ప్రశ్న అడిగితే ఇంత చెప్పినారు. మావాడికి రోజూ రాత్రి అన్నం తినేటప్పుడు ఇవన్నీ చదివి వినిపిస్తా ఉండా. చీపురు మాట వాడికి బాగా పట్టింది. మొగను చూడాలంట. నీటిబాట తమ్ముడూ, చూపిస్తావా?

నీటిబాట
21 మార్చి 2025, రాత్రి 10:22

రండక్కా. ఏప్రిల్ 13 ఆదివారం రండి. అది పున్నమి. పున్నమికీ అమావాస్యకూ పోటు పెద్దది, పాటు లోతుది, మొగ పని ఆ రోజు బాగా కనపడతాది. పొద్దున తొందరగా బయలుదేరండి. పిల్లోడికి టోపీ, తాగడానికి నీళ్ళు ఎక్కువ తెచ్చుకోండి. రాయదొరువు పక్క నీడ ఉండదు.

స్వర్ణముఖి_వాసి
14 ఏప్రిల్ 2025, రాత్రి 8:33

పోయొచ్చినాం. నేను అనుకున్నట్టు ఏమీ లేదు. పెద్ద ద్వారం మాదిరి ఊహించుకున్నా. చూస్తే ఒక పక్క ఇసక నాలుక మాదిరి అడ్డంగా పెరిగి ఉండాది, దాని కొసన ఇరుకు దారి. తమ్ముడి నాయన కూడా వచ్చినాడు. ఆయన మాట్లాడకుండా ఆ ఇసక కొస మీద నిలబడి చాలాసేపు నీళ్ళను చూసినాడు. "నా పెండ్లినాటికి ఇది ఆడుండేది" అని దూరంగా దక్షిణానికి చెయ్యి చూపించినాడు.

మేము చేరేసరికి పాటు మొదలయింది. మావాడు నీటి అంచున ఒక పుల్ల గుచ్చినాడు. తమ్ముడు గడియారం చూసి చెప్పినాడు, అరగంటకొకటి గుచ్చమని. నాలుగు పుల్లలు గుచ్చినాడు. మొదటి రెండింటికీ మధ్య వాడి అడుగులు ఆరు, తర్వాత పదకొండు, తర్వాత పద్నాలుగు. నీళ్ళు నడుమ దారిలో గలగలమని పోతా ఉంటే అడుగున ఇసక గింజలు దొర్లడం స్పష్టంగా కనపడింది. వాడు బోర్లా పడుకోని ముఖం నీళ్ళ దగ్గరికి పెట్టి, "అమ్మా, ఊడుస్తా ఉండాది" అన్నాడు.

మధ్యాహ్నానికి నీళ్ళు ఆగినట్టే ఆగి, మెల్లగా వెనక్కి తిరిగినాయి. మొదట నురగ తిరిగింది. ఆ నురగ పక్కనే అరచేయంత నీళ్ళలో వెంట్రుకంత సన్నటివి, గాజు మాదిరి, కండ్లు మాత్రం నల్లటి చుక్కలు. తమ్ముడు దోసిట్లో పట్టి చూపించినాడు. రొయ్య పిల్లలు. లోపలికి పోతా ఉండాయి.

నీటిబాట
14 ఏప్రిల్ 2025, రాత్రి 9:05

అక్కా, ఈ పొద్దు పోయి చూసినా. మూడు పుల్లలు పోటుకు కొట్టకపోయినాయి. పైన గుచ్చిన మొదటిది ఉండాది. దాని కాడ రాయి పెట్టి వచ్చినా. అమావాస్యకు మళ్ళీ కొలిచి ఈడే రాస్తా.